నాన్నగారి గదికి గంధమా, పెసరా? ఒక్కో కంటికి ఒక్కోలా కనిపిస్తోంది

గచ్చునేల:

అందరికీ నమస్కారం. చిన్న విషయమే, కానీ మూడు వారాలుగా మా ఇంట్లో ఇదే గొడవ.

ఇల్లు తణుకులో. 1986లో కట్టిన డాబా. నా ఉద్యోగం హైదరాబాదులో, రెండు వారాలకోసారి రైలెక్కి వెళ్తుంటాను. నాన్నగారికి 74 ఏళ్లు, అమ్మకి 70. దసరా వెళ్లాక నాన్నగారి కుడి కంటికి శుక్లం ఆపరేషన్ అయింది. ఎడమ కంటికి సంక్రాంతి తర్వాత చేస్తామన్నారు. ఈలోగా ఆయన గదికి రంగు వేయించేద్దామనుకున్నాను. ఎప్పుడో వేసిన లేత నీలం డిస్టెంపరు అది. గోడకి ఆనుకుంటే చొక్కా వెనకంతా పొడి అంటుకుంటుంది.

గది 10 అడుగులు ఇంటూ 12, ఎత్తు 10. ఒకటే కిటికీ, ఉత్తరం వైపు. నేల ఎర్ర గచ్చు. కిటికీకి నాలుగైదు అడుగుల దూరంలో పక్కవాళ్లు ఈమధ్యే రెండంతస్తులు లేపి, గోడకి నారింజ రంగు వేశారు. మామూలు నారింజ కాదు, బత్తాయి రసం బండివాడి గొడుగులా ఉంటుంది.

షేడ్ కార్డులో ఏరి ఏరి రెండు రంగుల దగ్గర ఆగాం. వాటి పేర్లు ఇంగ్లీషులో ఏవో పొగమంచులూ పూలరేకులూ. మా ఇంట్లో మాత్రం ఒకటి గంధం, రెండోది పెసర. గంధం అంటే తెలుసుగా, అరగదీసిన గంధం కాస్త ఆరాక ఉండే లేత పసుపు. పెసర అనగానే నాన్నగారు "పొట్టు తీసినదా, తియ్యనిదా?" అని అడిగారు. తియ్యనిదే. లేత ఆకుపచ్చలో కొంచెం బూడిద కలిపినట్టుంటుంది.

చిన్న శాంపిల్ డబ్బాలు తెచ్చి కిటికీ పక్క గోడ మీద రెండింటినీ పక్కపక్కనే ఒక్కో చెయ్యి వేశాం. ఇక్కడ మొదలైంది అసలు సమస్య. నాన్నగారు మంచం మీద కూర్చుని ఒక కన్ను మూసి చూశారు, తర్వాత రెండోది మూసి చూశారు. కుడి కంటికి గంధం దాదాపు తెల్లగా ఉందట, పెసర చల్లగా, నీలం కలిసినట్టు ఉందట. ఎడమ కంటికి గంధం టీ ఒలికిన పంచెలా ఉందట, పెసర ఎండిన ఆకులా ఉందట. "నాకు రెండు గదులు కట్టించమ్మా" అంటారు. పొద్దస్తమానం ఒక కన్ను మూసుకుని గోడల్ని చూడటమే ఇప్పుడాయన పని. ఇంటికొచ్చినవాళ్లకి కూడా చూపిస్తున్నారు.

ఇక అమ్మ సంగతి. నేను హైదరాబాదులో ఉండగా పెయింటరు ఫోన్ చేసి ఏ రంగు ఖాయం చేశారని అడిగితే "పచ్చదే కానివ్వు" అంది. మా అమ్మకి పచ్చ అంటే పసుపు. పచ్చ చీర, పచ్చ చామంతి. ఆకుపచ్చని ఆవిడ ఎప్పుడూ ఆకుపచ్చ అనే అంటుంది. ఆ అబ్బాయికి పాతికేళ్లు. అతనికి పచ్చ అంటే ఆకుపచ్చే. వెంటనే షాపుకెళ్లి పెసర రంగు నాలుగు లీటర్లు మిషన్‌లో కలిపించి తెచ్చి వరండాలో పెట్టేశాడు. రంగు కలిపాక వెనక్కి తీసుకోరట. రెండు వేలు దాటింది. అతన్ని అనడానికీ లేదు, అమ్మని అనడానికీ లేదు.

ఇప్పుడు నా ప్రశ్న. డబ్బా ఎలాగూ ఇంట్లో ఉంది కదా అని పెసర వేసేయాలా? గంధం కోసం ఇంకో డబ్బా కొనాలా? అమ్మ ఓటు గంధానికి. నాన్నగారి కుడి కన్ను పెసరకి, ఎడమ కన్ను ఏదీ వద్దంటోంది. నాకైతే పగలు పెసర బాగుంది, రాత్రి ట్యూబులైటు వేస్తే ఆసుపత్రి వార్డులా ఉంది. ఇలాంటి గదికి వేయించినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి.


ఈశాన్యం బాబాయ్:

ఉత్తరం కిటికీ గదికి పెసరే వేయండి. ఆకుపచ్చ బుధుడికి ప్రీతి, ఉత్తరం బుధుడిది. ఇంక ఆలోచించక్కర్లేదు.


గచ్చునేల:

బాబాయ్ గారూ, ఇదే మాట మా పక్కవీధి పంతులుగారూ అన్నారు. అమ్మ వెంటనే "మరి గురుడికి పసుపు కదండీ, మా ఆయనది ధనుస్సు" అంది. ఆయన నవ్వి కాఫీ తాగి వెళ్లిపోయారు.


కుంచెపని:

అమ్మా, నమస్కారం. నాది ఏలూరు. 22 ఏళ్లుగా ఈ పనిలోనే ఉన్నాను. రంగు సంగతి తర్వాత, ముందు గోడ సంగతి చెప్తాను.

చొక్కాకి పొడి అంటుతోందన్నారు. దాని మీద నేరుగా ఎమల్షన్, అదే మీరు తెచ్చిన కొత్త రకం రంగు, వేస్తే ఆరునెలలకే పొరలు పొరలుగా లేస్తుంది. కొత్త రంగు గోడని పట్టుకోదమ్మా, ఆ పొడిని పట్టుకుంటుంది. మీరు శాంపిల్ వేసిన చోట గోరుతో గీకి చూడండి, పెచ్చులా వచ్చేస్తే నా మాట నిజం. డిస్టెంపరు మొత్తం తడిపి గీకేయాలి. గోడ ఆరాక బీటలకి, గుంటలకి లప్పం (పుట్టీ) పెట్టి, గరుకు కాగితంతో రుద్ది, ప్రైమరు (పైరంగు పట్టుకోవడానికి వేసే తెల్లటి అడుగు పూత) వేసి, అప్పుడు రంగు రెండు కోటింగులు. ఎక్కడైనా చెమ్మ ఉంటే అది ఆపకుండా ఏ రంగు వేసినా దండగ.

మీ శాంపిల్‌లో మూడు తప్పులు జరిగాయి. నీలం గోడ మీద వేశారు, ఒక్క కోటింగే వేశారు, రెండూ ఆనించి వేశారు. ఒక్క కోటింగుకి కింది నీలం లోపల్నించి తొంగిచూస్తుంది. గంధం కింద నీలం ఉంటే అది కొంచెం ఆకుపచ్చకి తిరుగుతుంది, పెసర కింద నీలం ఉంటే ఇంకా చల్లగా కనిపిస్తుంది. ఆనించి వేస్తే పెసర పక్కన గంధం ఉన్నదానికంటే ఎర్రగా కనిపిస్తుంది, గంధం పక్కన పెసర ఇంకా ఆకుపచ్చగా కనిపిస్తుంది. కాబట్టి మీరింతవరకూ చూసింది ఆ రెండు రంగులూ కావు.

పిల్లలు బొమ్మలేసే తెల్ల డ్రాయింగు చార్టులు రెండు కొనండి. ఒక్కోదాని మీద ఒక్కో రంగు రెండు కోటింగులు వేయండి. చుట్టూ రెండు అంగుళాలు తెలుపు వదలండి. పూర్తిగా ఆరనివ్వండి. ఎమల్షన్ తడిమీద లేతగా కనిపించి ఆరాక ఒక మెట్టు ముదురుతుంది. పాత డిస్టెంపరు, సున్నం దీనికి ఉల్టా, ఆరాక తేలిపోతాయి. అందుకే పెద్దవాళ్లు ఎమల్షన్ తడిగా ఉన్నప్పుడు చూసి "ఇంకా లేతబడుతుందిలే" అనుకుంటారు, మర్నాడు చూసి మమ్మల్ని తిడతారు. ఆరిన చార్టుల్ని గోడ గోడకీ మార్చి అంటించి, పొద్దున ఏడింటికి, మధ్యాహ్నం రెండింటికి, రాత్రి లైటేసి చూడండి. ఒకదాన్ని చూసేటప్పుడు రెండోది గదిలో ఉండకూడదు.

కొలత చెప్పాలంటే, నాలుగు గోడలు కలిపి 440 చదరపు అడుగులు, తలుపూ కిటికీ పోతే 400 లోపే. నున్నటి గోడకి రెండు కోటింగులకి నాలుగు లీటర్లు సరిపోతాయి. పెసర వేస్తే ఇంక కొననక్కర్లేదు. వేయకపోయినా మూత తియ్యకుండా నీడపట్టున పెట్టండి, నెలా రెండు నెలలకి ఏమీ కాదు.

ఒకటి మాత్రం చెప్పాలి. "పచ్చ" అంటే నేనైతే ఏ పచ్చో అడిగే తెచ్చేవాణ్ణి. నేను పని నేర్చుకునే రోజుల్లో మా మేస్త్రి ఇంటివాళ్ల నోటి మాట మీద రంగు తేనిచ్చేవాడు కాదు. షేడ్ కార్డు మీద ఇంటివాళ్ల చేత పెన్నుతో గుండ్రం చుట్టించేవాడు.


ప్లానుగీత:

నేను విజయవాడలో ఇళ్ల ప్లాన్లు గీస్తుంటాను. పైన మేస్త్రిగారు చెప్పినదాంతో పూర్తిగా ఏకీభవిస్తూ, మీ పక్కింటి గోడ గురించి చెప్తాను. ఈ గదిలో మూడో రంగు అదే.

మీ కిటికీ ఉత్తరానికి ఉంది కాబట్టి ఎదురుగా ఉన్న వాళ్ల గోడ ముఖం దక్షిణానికి ఉంటుంది. ఇప్పుడు కార్తీకం. సూర్యుడు దక్షిణంగా, కిందుగా నడుస్తున్నాడు. మీ డాబా ఒక అంతస్తే కాబట్టి దాని మీదుగా ఎండ వెళ్లి వాళ్ల పై అంతస్తు గోడకి ఎదురుగా తగులుతుంది. ఆ నారింజ వెలుగు తిరిగొచ్చి మీ కిటికీలో పడుతుంది. పదింటి నుంచి మూడింటి దాకా మీ గదిలోకి వచ్చే వెలుతురులో ఆకాశం వాటా తక్కువ, ఆ గోడ వాటా ఎక్కువ.

ఇది ఏడాది పొడుగునా ఇలాగే ఉండదు. మీ వైపు మే మొదటి పది రోజుల్లో ఒకసారి, ఆగస్టు మొదటి పది రోజుల్లో ఒకసారి సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. ఆ మధ్య మూడు నెలలూ మధ్యాహ్నం కూడా కొంచెం ఉత్తరం వైపే ఉంటాడు కాబట్టి ఆ గోడకి నేరుగా ఎండ తగలదు. అప్పుడు మీ గది వెలుతురు చల్లబడుతుంది. అంటే శీతాకాలంలో గంధం మధ్యాహ్నానికి కనకాంబరం రంగుకి తిరిగినా, ఆషాఢంలో మామూలు గంధంలాగే ఉంటుంది. పెసర సంగతి ఇంకోలా ఉంటుంది. ఆకుపచ్చ మీద నారింజ వెలుగు పడితే రంగు చచ్చి మట్టి వాలుతుంది. వానాకాలంలో అదే పెసర బతుకుతుంది.

గచ్చు కూడా తక్కువది కాదు. ఎర్ర గచ్చు మీద వెలుతురు పడితే గోడల కింద రెండు మూడు అడుగుల మేర ఎరుపు అంటుతుంది. మీరు చార్టు అంటించేటప్పుడు కళ్ల ఎత్తున ఒకసారి, మంచం ఎత్తున ఒకసారి పెట్టి చూడండి. నాన్నగారు ఎక్కువసేపు పడుకునో కూర్చునో ఉంటారు కదా, ఆయన చూసే గోడ మీరు నిలబడి చూసే గోడ కాదు.

రాత్రి ఆసుపత్రిలా ఉందన్నారు. మీ ట్యూబులైటు పెట్టె మీద 6500 కెల్విన్ (వెలుగు రంగుకి కొలత) అని రాసుందేమో చూడండి. మన ఇళ్లలో దాదాపు అన్నీ అవే, వెలుగు నీలం వైపు ఉంటుంది. 4000 వేసి చూడండి. 3000 కూడా దొరుకుతుంది కానీ అది పసుపు, చదువుకునేవారికి కొందరికి మసగ్గా అనిపిస్తుంది. లైటు మార్చడానికయ్యే ఖర్చు నాలుగు లీటర్ల రంగులో పదో వంతు కాబట్టి ముందు లైటు మార్చి, తర్వాత రంగు తేల్చుకోండి. చాలామంది ఇది తిరగేసి చేస్తారు.

కిటికీకి పల్చటి తెల్ల తెర వేస్తే నారింజ ఘాటు తగ్గుతుంది. పక్కవాళ్లని రంగు మార్చుకోమనడం కంటే అది తేలిక.


కరీంనగర్ కోడలు:

మేము ఫోన్‌లో ఫొటో చూసి ఇష్టపడి పిస్తా రంగు వేయించాం. గోడ మీదికొచ్చాక మా అత్తమ్మ చూసి "ఇది పీహెచ్‌సీ గోడ" అన్నది, అంటే సర్కారు ప్రాథమిక ఆరోగ్య కేంద్రం గోడ. నాలుగేళ్లు అయింది, ఇప్పటికీ ఆ గదిని ఇంట్లో అందరూ పీహెచ్‌సీ అనే పిలుస్తాం. చుట్టాలొస్తే "మీరు పీహెచ్‌సీలో పడుకోండి" అంటాం. ఫోన్ తెర మీద రంగు చూసి ఖాయం చేయకండి అక్కా, అంతే నా అనుభవం.


కంటిపరీక్ష:

గుంటూరులో ఒక కంటి ఆసుపత్రిలో కళ్లద్దాల పరీక్షలు చేస్తుంటాను, డాక్టర్ని కాదు. మీ నాన్నగారు చెప్పింది అక్షరాలా నిజం. ఆపరేషన్ మధ్యలో ఉన్నవాళ్లలో చాలామంది మా దగ్గర ఇదే మాట అంటారు. కొందరు భయపడతారు కూడా, కంటికి ఏదో అయిందని.

వయసు పెరిగేకొద్దీ కంట్లోని లెన్సు పసుపు పడుతుంది, శుక్లం ముదిరితే గోధుమ రంగుకి కూడా వెళ్తుంది. ఆ పసుపు నీలాన్నీ ఊదానీ లోపలికి రానివ్వదు. ఇది ఏళ్ల తరబడి మెల్లగా జరుగుతుంది కాబట్టి మనిషికి తెలియదు, మెదడు సర్దుకుపోతుంది. ఒక కంట్లో దాన్ని తీసేసి కొత్త లెన్సు పెట్టగానే ఆ కంటికి నీలం తిరిగొస్తుంది. పక్కన పాత కన్ను ఉంటుంది కాబట్టి పోల్చి చూసుకునే వీలు దొరుకుతుంది. పచ్చకామెర్లవాడికి లోకమంతా పచ్చగా కనిపిస్తుందని సామెత ఉంది కదా. నిజానికి ఆ సామెత కామెర్ల కంటే శుక్లానికే సరిగ్గా అతుకుతుంది. (చూశారా, అక్కడ కూడా పచ్చ అంటే పసుపే. మీ అమ్మగారిదే ఒప్పు.)

క్లోడ్ మోనే అని ఫ్రాన్సులో పెద్ద చిత్రకారుడు. ఆయనకి రెండు కళ్లలోనూ శుక్లాలు వచ్చాయి. 1923లో కుడి కంటికి ఆపరేషన్ చేయించుకున్నాడు. రెండో కంటికి ఎప్పటికీ ఒప్పుకోలేదు. ఆ తర్వాత ఆయన కూడా రంగుల గురించి చాలా సణిగాడు, అంతా నీలంగా ఉందని ఒకసారి, పసుపుగా ఉందని ఒకసారి. కాబట్టి మీ నాన్నగారికి మంచి తోడే ఉంది, చెప్పండి.

ఇప్పుడు పనికొచ్చే మాటలు. ఎడమ కంటి ఆపరేషన్ అయి, రెండు కళ్లూ కుదురుకునేదాకా రంగు ఖాయం చేయకండి. ఇప్పుడు ఆయన ఏది ఎంచినా సగం పాత కన్నుతో ఎంచినట్టే. రెండో మాట, ఆయనకి మెరిసే రంగు వద్దు. నున్నగా మెరిసే గోడ మీద లైటు తళుక్కుమంటే పెద్దవాళ్ల కళ్లకి ఇబ్బంది. మెరుపు లేని మ్యాట్ రకం చూడండి. ఇంకొకటి, లేత గోడ మీద తెల్ల స్విచ్‌బోర్డు పెద్దవాళ్లకి చీకట్లో సరిగ్గా కనపడదు. బోర్డు చుట్టూ ఒక చెయ్యి వెడల్పున ముదురు రంగు వేయించండి. తలుపు చట్రం కూడా గోడకి తేడాగా ఉంటే మంచిది. గంధమా పెసరా అన్నదాని కంటే రాత్రి లేచినప్పుడు ఆయనకి ఇదే ఎక్కువ పనికొస్తుంది.

అన్నిటికంటే ముఖ్యం దుమ్ము. డిస్టెంపరు గీకడం, లప్పం రుద్దడం ఉన్నన్నాళ్లు ఆయన ఆ ఇంట్లోనే ఉండకూడదు. ఆపరేషన్ అయిన కంటికి ఆ పొడి చాలా చెడ్డది. పని ఏ రోజుల్లో పెట్టుకోవచ్చో మీ కంటి డాక్టర్ని అడిగి ఖాయం చేసుకోండి.

చివరిగా ఒక ప్రశ్న. అమ్మగారికి 70 అన్నారు. ఆవిడ కళ్లు ఎప్పుడైనా పరీక్ష చేయించారా?


గచ్చునేల:

అందరికీ చాలా థ్యాంక్స్. ఆఖరి ప్రశ్న చదివి కాసేపు అలా కూర్చుండిపోయాను. నాన్నగారి కళ్ల హడావిడిలో అమ్మని అసలు అడగనే లేదు. ఫోన్ చేస్తే "నాకేంటే, సూదిలో దారం ఎక్కిస్తున్నాను" అంది. పక్కనుంచి నాన్నగారు "ఎక్కించేది ఎదురింటి పాప" అన్నారు.

ఈ వారం చార్టులు వేసి చూశాం. మేస్త్రిగారు చెప్పినట్టు గోరుతో గీకితే శాంపిల్ రంగు అరచేయంత పెచ్చు ఊడొచ్చింది, దాని వెనకాల నీలం పొడి. అంటే గోడ పని తప్పదు.

మధ్యాహ్నం రెండింటికి గంధం చార్టు కిటికీ ఎదురుగోడ మీద పెడితే నిజంగానే కనకాంబరం. పెసర అదే చోట పాత సంచిలా ఉంది, నేను ఇష్టపడిన రంగు అదేనా అనిపించింది. కిటికీ ఉన్న గోడ మీదికి మార్చగానే మళ్లీ బతికింది. రాత్రికి మా తమ్ముడు 4000 లైటు తెచ్చి వేశాడు. ఆసుపత్రి పోయింది! ఇన్నాళ్లూ పాపం రంగుని తిట్టాను. తెల్ల తెర ఇంకా కొనలేదు, అమ్మ పాత నేత పంచె ఒకటి కట్టింది, దానికే చాలా తేడా తెలిసింది.

మేస్త్రిగారూ, ఒక సందేహం. ఇప్పుడు వాళ్లిద్దర్నీ పది రోజులు హైదరాబాదు తెచ్చేసుకుని, ఈలోగా గీకుడూ లప్పం ప్రైమరూ పూర్తి చేయిస్తే? డాక్టరుగారిని అడిగాను, కుడి కన్ను బాగా మానిందట, ఊరు మారితే పర్వాలేదన్నారు. రంగు మాత్రం ఎడమ కన్ను అయ్యాక. అంతవరకూ గది ప్రైమరు తెలుపుతోనే ఉంటే ఏమైనా పాడవుతుందా?


కుంచెపని:

ఏమీ కాదమ్మా. లోపలి గోడ కాబట్టి రెండు మూడు నెలలు ప్రైమరు మీదే ఉండొచ్చు. కాస్త మాస్తుంది, మంచం వైపు గోడకి తలనూనె అంటకుండా ఒక దుప్పటో చాపో వేలాడదీయండి. ప్రైమరు మీద జిడ్డు పట్టిందంటే పైరంగు అక్కడ మచ్చ తేలుతుంది. రంగు వేసేముందు పొడిగుడ్డతో తుడిచేస్తే చాలు. రుద్దుడు పనంతా ఇప్పుడే అయిపోవాలని మీ పెయింటరు అబ్బాయికి గట్టిగా చెప్పండి, తర్వాత దుమ్ము లేవకూడదు.

నాన్నగారు రోజూ పడుకుని చూసేది ఏ గోడో అది ముందు తేల్చుకోండి. నారింజ పడే ఎదురుగోడ ఆయన తల వెనక్కి వచ్చేలా మంచం తిప్పితే పెసర ఇబ్బంది సగం పోతుంది. రంగు మార్చడం కంటే మంచం తిప్పడం చవక.

పెసర మరీ ముదురు అనిపిస్తే అదే కంపెనీ, అదే రకం తెలుపు ఒక లీటరు కలిపి తేలిక చేయొచ్చు. కానీ మళ్లీ ఎప్పుడైనా టచప్ కావాలంటే ఆ రంగు రాదు. కలిపితే ఒక చిన్న సీసాలో కొంచెం దాచి పెట్టుకోండి. డబ్బాలో ఉన్న పెసరని గంధం చేయమంటే మాత్రం నా వల్ల కాదు.


ఈశాన్యం బాబాయ్:

మంచం తిప్పేటప్పుడు తల ఉత్తరానికి రాకుండా చూసుకోండి. ఇది మాత్రం నవ్వకుండా వినండి.


గచ్చునేల:

బాబాయ్ గారూ, అది అమ్మ నాకంటే ముందే చూసుకుంది. తల దక్షిణానికి.


గచ్చునేల (మాఘమాసంలో మళ్లీ):

ఎవరికైనా గుర్తుందో లేదో, గంధం, పెసర గొడవ పెట్టినదాన్ని నేనే.

గోడ పని నవంబరులోనే అయిపోయింది. తలుపు వెనక మూల ఒక గజం మేర చెమ్మ బయటపడింది, డాబా మీద నీళ్లు దిగే గొట్టం దగ్గర పగులు. అది బాగుచేయించడానికి రంగు కంటే ఎక్కువైంది. నాన్నగారు రెండు నెలలు తెల్లటి గదిలో ఉన్నారు, "సత్రంలా ఉంది, హాయిగా ఉంది, ఇలాగే వదిలేయండి" అన్నారు. వదిలేద్దామా అని నాకూ ఒక క్షణం అనిపించింది.

సంక్రాంతి వెళ్లాక ఎడమ కన్ను అయింది. నెలరోజుల తర్వాత చార్టులు మళ్లీ తీశాం. ఒక కన్ను మూసి చూసే ఆట ఇక పనిచేయలేదు, రెండు కళ్లకీ ఒకేలా ఉందట. కొంచెం నిరాశపడ్డారు కూడా. గంధం చార్టు చూసి "ఇది గంధమేంటే, సున్నం కదా" అన్నారు. పెసరని మాత్రం చాలాసేపు చూసి, వాళ్ల ఊళ్లో చెరువుగట్టు కింద పెసర చేలు పిందె పట్టినప్పుడు ఇలాగే ఉండేవన్నారు. డబ్బా వరండాలో ఉందన్న సంగతి ఆ తీర్పుకి ఎంతవరకు కారణమో నేను అడగలేదు.

పోయిన ఆదివారం పెసర వేసేశాం, తెలుపు కలపకుండానే. మంచం తిప్పాం. స్విచ్‌బోర్డు చుట్టూ ముదురు ఆకుపచ్చ పట్టీ వేయించాం. నాన్నగారు రాత్రిపూట ఇప్పుడు తడుముకోవట్లేదు, నేరుగా చెయ్యి పడుతోంది. మధ్యాహ్నం ఎదురుగోడ ఇంకా కొంచెం మట్టి రంగుకి తిరుగుతూనే ఉంది. మే నెల దాకా ఆగాలేమో, ప్లానుగీత గారూ.

అమ్మ కళ్లూ చూపించాం. రెండింటిలోనూ శుక్లాలు ఉన్నాయి, ఒకటి బాగానే ముదిరిందట. ఉగాది వెళ్లాక చేస్తామన్నారు. పెయింటరు వెళ్లిపోయాక ఆవిడ గది గుమ్మంలో నిలబడి నాలుగు గోడలూ చూసింది. గంధం వేయలేదని ఏమంటుందోనని నేను నోరు మెదపలేదు.

"నే చెప్పిన పచ్చే వేశారుగా" అంది.

నాన్నగారు నావైపు చూసి కన్ను గీటారు. ఇద్దరం ఏమీ అనలేదు.

ఒక చిన్న ప్రశ్న, మేస్త్రిగారికి. పెసర అర లీటరు పైనే మిగిలింది. వాకిట్లో తులసికోటకి వేసేయొచ్చా?


కుంచెపని:

వద్దమ్మా. అది లోపలి రకం. ఎండకీ రోజూ పోసే నీళ్లకీ ఒక్క వానాకాలంలోనే పొంగి లేచిపోతుంది. తులసికోటకి బయటి రకం పావు లీటరు చాలు. మిగిలింది మూత గట్టిగా కొట్టి, డబ్బా మీద తేదీ, గది పేరు, షేడ్ నంబరు రాసి అటక మీద పెట్టండి, టచప్‌కి కావాలి. షేడ్ నంబరు రాయండి, "పచ్చ" అని రాయకండి.